నోటికి వచ్చిన ప్రేవు, దాని కావలివారు



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము వినుటకు మొదట వింతగా దోపవచ్చును. కడుపులోని చిన్నప్రేవునుండి యొక తునకను కోసి తెచ్చి, నోటిలో నతికి, నశించిన నోటిగోడను మరల నిర్మించెడి శస్త్రవైద్యమొకటి కలదు. ఆ ప్రేవు నోటిలో నాటుకొనిన పిమ్మట దానియందు కాపురమున్న రక్షకకణములు, అనగా రోగముల నెదిర్చెడి కావలివారు, ఏమగుదురు? పాతచోటి గుణమును నిలుపుకొందురా, లేక క్రొత్తచోటికి తగినట్లు మారుదురా? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము. ఇది పండితుల వినోదమునకై యెత్తుకొన్న ప్రశ్న కాదు. ఇట్టి శస్త్రవైద్యమునకు కారణమగు రోగము మన యింటి అరుగులమీదనే, మన చేతుల మీదుగనే పుట్టుచున్నది. కావున దీని నెరుగుట మనకే యవసరము.

హైదరాబాదు నగరములోని జూబిలీహిల్సు, ఫిల్మునగరము అను పేళ్లు వినగనే మనకు చలనచిత్రములు స్ఫురించును. మద్రాసునుండి తరలివచ్చిన తెలుగు చిత్రపరిశ్రమ యా రాతిగుట్టలమీద స్థిరపడినది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో ఆ ప్రాంతముననే 1976లో పని నారంభించినది. అయితే ఆ గుట్టలపై వెలసినవి చిత్రశాలలు మాత్రమే కావు. 1988లో జూబిలీహిల్సున అపోలో ఆసుపత్రి ఏర్పడెను. చేరువనే, బంజారాహిల్సు 10వ నంబరు రోడ్డున, బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సరు ఆసుపత్రి యున్నది. నందమూరి తారక రామారావుగారి ధర్మపత్ని బసవతారకమ్మగారు 1985లో క్యాన్సరు అనెడి రాచపుండు వ్యాధితో పరమపదించిరి. ఆమె పేర నెలకొల్పిన యా వైద్యాలయమును 2000వ సంవత్సరము జూన్ 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. సినిమా చూడవలెనని ఆ గుట్టలవైపు కన్నెత్తు పల్లెవాసులు కొందరు. రోగపుకాగితముల సంచి చంకబెట్టుకొని అదే త్రోవను పోవు పల్లెవాసులు మరికొందరు. ఈ రెండవ తెగవారిని గూర్చియే నేడు మాటలాడుకొందము.

భారతదేశమున పురుషులకు వచ్చు రాచపుండ్లలో పెదవులకు, నోటికి వచ్చునవియే మొదటి స్థానమున నున్నవి. దీనికి ముఖ్యకారణము పొగాకు. దానిని నమిలినను, బుగ్గన బెట్టినను, చుట్టగానో బీడీగానో కాల్చినను ఫలమొక్కటియే. గుట్కా, ఖైనీ మొదలగునవియు దాని బంధువులే. పొగాకు లేకున్నను వక్క తానుగా రాచపుండునకు హేతువగునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో ప్రకటించినది. మద్యము తోడైనచో అగ్నికి ఆజ్యము వోసినట్లే.

మన తెలుగుదేశమున దీనికొక ప్రత్యేకరూపము కలదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో స్త్రీలు చుట్టను అడ్డపొగగా ద్రాగు ఆచారము చిరకాలమునుండి యున్నది. అనగా నిప్పుండు కొనను నోటిలోపల నుంచుకొని పీల్చుదురు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండుటకనియు, పనిచేయునప్పుడు నుసి మీద రాలకుండుటకనియు దీనికి కారణములు చెప్పుదురు. నిప్పు అంగిలికి దిగువనే మండుచుండుటచే ఆ వేడియు, పొగయు తిన్నగా నంగిలికే తగులును. మొదట నంగిలి తెల్లబారును. అందు ఎఱ్ఱని చుక్కలు గానవచ్చును. కొందరికి కొన్నియేండ్లకు అది రాచపుండుగా మారును. ఇతరదేశములలో గట్టియంగిలికి రాచపుండు వచ్చుట అరుదు. మన తీరమున నది అరుదు కాదు. బొంబాయి వైద్యశాస్త్రజ్ఞులు ఖానోల్కరుగారును, సూర్యాబాయిగారును 1945లోనే ఆచారములవలన గలుగు రాచపుండ్లనుగూర్చి వ్రాయుచు, ఈ చుట్ట వ్యాధిని లోకమునకు దెలిపియుండిరి.

రాచపుండును గోసి తీయునప్పుడు శస్త్రవైద్యుడు పుండును మాత్రమే తీసిన చాలదు. చుట్టునున్న ఆరోగ్యకరమైన మాంసమునుగూడ కొంత యంచుగా దీయవలెను. లేనిచో విడువబడిన యొక్క కణమునుండి మరల మొలకెత్తును. అట్లు తీయగా బుగ్గలోనో, నాలుకయడుగుననో, అంగిలిలోనో పెద్దగండి యేర్పడును. అంగిలికి గండి పడినచో త్రాగిన నీరు ముక్కునుండి వచ్చును. మాట ముక్కుతో పలికినట్లగును. బుగ్గకు గండి పడినచో చొంగ నిలువదు. ప్రాణము దక్కినను మనుజుడు నలుగురిలో కూర్చుండి భుజింపలేడు. కావున ఆ గండిని బూడ్చుట వైద్యములో రెండవభాగము. అదియు మొదటిదానివలె ముఖ్యమే.

ఒకచోటి చర్మమును తెచ్చి మరియొకచోట నతుకుట మన దేశమునకు క్రొత్తవిద్య కాదు. తెగిన ముక్కునకు బుగ్గచర్మమును మలచి యతికెడి విధానము సుశ్రుతసంహితలోని సూత్రస్థానమున వివరింపబడినది. నుదుటిచర్మమును దించి ముక్కును గట్టు మన దేశపు వైద్యమును ఆంగ్లేయులు పూనా ప్రాంతమున చూడగా, ఆ వార్త 1794లో లండను పత్రికయందచ్చుపడి యైరోపా వైద్యులకు గురుపాఠమైనది. ఆ పద్ధతిలో నొక నియమము గలదు: అతుకబోవు చర్మమును పూర్తిగా తెంపరాదు. ఒక కాడను నిలిపియుంచి, దానిగుండ వచ్చు రక్తముతో అది బ్రతుకునట్లు చేయవలెను. అందుచే బుగ్గ, నుదురు వంటి సమీపస్థలములకే యా విద్య పరిమితమైయుండెను. కడుపులోని ప్రేవును నోటికి దెచ్చుటకు కాడ చాలదుగదా!

ఆ యడ్డంకిని తొలగించినది రక్తనాళములను గుట్టు విద్య. ఫ్రాన్సుదేశమున బుట్టిన అలెక్సిస్ కారెల్ అను వైద్యుడు గత శతాబ్దపు తొలిదినములలో నాళములను నేర్పుతో కుట్టు పద్ధతిని కనుగొని, 1912లో నోబెల్ బహుమానము నందెను. కుక్క కడుపులోని ప్రేవుతునకను దాని మెడలో నిలిపి చూచిన వారిలో నతడు మొదటివాడు. 1959లో అమెరికావైద్యులు సైడెన్‌బర్గ్ ప్రభృతులు మనుష్యునియందు ప్రేవుతునకతో మెడలోని అన్నవాహికను గట్టిన వృత్తాంతమును ప్రకటించిరి. 1971లో అమెరికాకే చెందిన బ్లాక్, బెవిన్, ఆర్నాల్డ్ అను మువ్వురు అంగిలిని ప్రేవుతో నొక్కతూరియే నిర్మించిన వృత్తాంతమును వెలువరించిరి. మన అడ్డపొగ కాల్చివేయు నంగిలికే దూరదేశమున ప్రేవుతో పైకప్పు వేసిరన్నమాట!

ఇందుకు చిన్నప్రేవులోని జెజునము అను భాగమును వాడుదురు. చిన్నప్రేవు సుమారు 20 అడుగుల పొడవుండును. జెజునము దాని నడిమిభాగము. ఆ లాటినుపదమునకు ఉపవాసముతో నున్నదని యర్థము; మృతదేహములను కోసి చూచిన ప్రాచీనులకు అది సదా ఖాళీగా కనబడుటచే నా పేరు వచ్చినది. వైద్యులు కడుపు తెరచి, ఒక ధమని, ఒక సిర తిన్నగా వచ్చి చేరిన జానెడు తునకను ఎన్నుకొని, ఆ నాళములతోకూడ కోసి తీయుదురు. మిగిలిన రెండుకొనలను కలిపి కుట్టగా కడుపులోని ప్రేవు మరల నొక్కటియగును. తీసిన తునక గొట్టమువలె నుండును. దానిని నాళములు లేనివైపున నిలువుగ చీల్చి, చాపవలె పరచి, నోటిలోని గండికి తగినట్లు కుట్టుదురు. పిమ్మట తునకయొక్క ధమనిని మెడలోని ధమనితోను, సిరను మెడలోని సిరతోను సూక్ష్మదర్శినిక్రింద, తలవెండ్రుకకన్న సన్ననైన దారముతో గలుపుదురు. ఆ నాళముల వెడల్పు రెండుమూడు మిల్లీమీటర్లు మాత్రమే. ప్రేవు రక్తములేక చిరకాలము బ్రతుకజాలదు గావున ఈ పనియంతయు త్వరితముగ జరుగవలెను. రక్తము పారినతోడనే పాలిపోయిన తునక గులాబివన్నె దాల్చును. పూర్వాభ్యాసమువలన వానపామువలె మెల్లగ కదలును.

ప్రేవునే యేల యెన్నుకొందురు? దానికి మూడు గుణములు గలవు. ఒకటి, అది సన్ననిది, మెత్తనిది. నాలుక కదలికకు అడ్డురాదు. రెండు, దానిపై వెండ్రుకలు మొలవవు. మూడు, అది తనంతట తాను శ్లేష్మమును స్రవించి తడిగానుండును. రాచపుండునకు కిరణచికిత్స పొందిన వారికి లాలాజలగ్రంథులు ఎండిపోయి, నోరు వేసవిలోని చెరువువలె బీటలువారును. అట్టివారికి ఈ తేమ గొప్ప ఉపశమనము.

ఇక్కడ పెద్దల కొక సందేహము రావచ్చును. మూత్రపిండమును మార్చుకొన్నవారు క్రొత్త యవయవమును దేహము త్రోసివేయకుండ జన్మాంతము మందులు మ్రింగుచుందురుగదా, ఈ ప్రేవును దేహము త్రోసివేయదా? త్రోసివేయదు. మూత్రపిండ మితరునిది, ఈ ప్రేవు తనదే. మన రక్తములోని తెల్లకణములు ప్రతికణముపైనను ఉండు కులచిహ్నమును పరీక్షించును. పరునిదని తోచినచో పోరాడును, స్వంతమైనచో విడుచును. ఇల్లు మారినను గోత్రము మారదుగదా! కావున ఇట్టివారికి తెల్లకణముల నణచు మందులతో పనిలేదు. అయితే స్వంతమగుటచే నేమార్పును జరుగదనుకొనుట పొరపాటు. అసలు కథ యిచ్చటనే మొదలగుచున్నది.

ప్రేవులోని కావలి యేర్పాటును ముందుగ దెలిసికొందము. ప్రేవు లోపలివైపు మొఖమలు గుడ్డవలె నుండును. ఆ నూగువంటి వానికి చూషకములని పేరు. ఆహారసారమును పీల్చునవి యవియే. చూషకముపైనుండు పొర యొక్క కణము మందము మాత్రమే. మూడునాలుగు దినములకొకసారి యా పొర రాలిపోయి క్రొత్తపొర వచ్చుచుండును. ఇంత పలుచని గోడకావలి నుండి దినమంతయు అన్యపదార్థములు ప్రవహించుచుండును. కావున ప్రకృతి యిచ్చట గొప్పసైన్యమును నిలిపినది. మన దేహమున ప్రతిరక్షకములను తయారుచేయు కణములలో నధికభాగము ప్రేవులలోనే యున్నది.

ఈ సైన్యమున మూడు వరుసలు గలవు. మొదటివరుసవారు పొరకణముల నడుమ నిమిడి, గోడలోని కావలివారివలె నుందురు. రెండవ వరుసవారు పొరక్రింది మెత్తని నేలలో వసింతురు. వీరిలో ప్రతిరక్షకములు చేయు కణములు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఏ అను పదార్థమును స్రవించును. అది శ్లేష్మముతో గలిసి ప్రేవుగోడకు పూతవలె నుండి, సూక్ష్మజీవులు గోడకంటకుండ జేయును. దానియందు హింస తక్కువ, నివారణ యెక్కువ. చోరుని గొట్టక గడపవద్దనే నిలిపివైచు తలారి వంటిది. సూక్ష్మజీవులను మ్రింగు పెద్దకణములును ఈ వరుసలోనే యుండును. మూడవది లసికాగ్రంథుల వరుస. గజ్జలలోను, మెడలోను బిళ్లకట్టుటను మీరెరుగుదురు; అట్టి బిళ్లలే ప్రేవులను బట్టియుండు పొరలోను గలవు. అవి కావలివారికి పాఠశాలలు. ఏది యన్నము, ఏది విషము, దేనిని సహింపవలెను, దేని నెదిరింపవలెను అను విద్య యచ్చట నేర్పబడును. సహించుట నేర్వని కావలివాడు తిన్న యన్నముమీదనే కత్తి దూయును!

ఇచ్చటొక చమత్కారమును వినుడు. ఈ పాఠశాలలో చదువు ముగిసిన తెల్లకణము రక్తములో బడి దేహమంతయు దిరిగి, మరల ప్రేవునకే చేరుకొనును. త్రోవ యెట్లు తెలియును? చదువు ముగియునాటికి దానిపై నొక ముద్ర పడియుండును. ప్రేవులోని రక్తనాళపు గోడలపై దానికి సరిపడు గుర్తుండును. ఉత్తరముపైని తపాలాముద్రయు, ఊరిపేరును జూచి చేర్చినట్లు, ముద్రయు గుర్తును గలిసినచోట కణము దిగును. ఆ ముద్ర వేయుటకు ఏ-విటమిను అవసరము. కండ్లకు మంచిదని మనము తిను తోటకూర, మునగాకు, మామిడిపండు ఇవియే ఆ సిరాబుడ్డిని నింపునవి. ప్రేవునకు వచ్చు నాహారములోనే ప్రేవు చిరునామా వ్రాయు సిరా యుండుట సృష్టివైచిత్ర్యము.

ఇక తునకను నోటికి దెచ్చినప్పుడేమగునో చూడుడు. ధమనిని గుట్టితిమి, సిరను గుట్టితిమి. కాని లసికానాళములను, నాడులను ఎవ్వరును గుట్టలేదు. అవి కోతతో దెగినవి. ప్రేవు పాఠశాలలు కడుపులోనే మిగిలిపోయినవి. లసికానాళములు కాలక్రమమున మరల మొలచి చుట్టుపట్లవానితో గలియును. కాని యవి యిపుడు మెడలోని గ్రంథులకు దారితీయును. అనగా ఈ తునకలో దొరకిన శత్రువార్త పూర్వపు గురువునకు జేరక, నోటికి, గొంతుకు అలవడిన క్రొత్తగురువు నొద్దకు బోవును. అచ్చట చదివిన శిష్యునికి పడు ముద్ర వేరు. ఇది మొదటి మార్పు.

రెండవది ఆహారము. కడుపులో ప్రేవునకు జీర్ణమైన సారము, పైత్యరసము, జఠరమునుండి వచ్చు సంకేతములు అందుచుండెను. నోటిలో నవి లేవు. అన్నము నలిగి క్షణములో గడచిపోవును. పీల్చుటకు పనిలేని చూషకములు క్రమముగ గురుచలగును. మొఖమలు నునుపు తగ్గి నేతగుడ్డవలె చదునగును. చాలకాలము నోట నేమియు తినలేక, సిరలద్వారానే పోషింపబడు రోగుల ప్రేవులలోను పొర యిట్లే సన్నబడుటను వైద్యులెరుగుదురు. ఇల్లు గుంచించుకొనినప్పుడు కాపురమున్నవారి సంఖ్యయు, అమరికయు మారుట సహజమేగదా.

మూడవది యిరుగుపొరుగు. జెజునములో సూక్ష్మజీవులు తక్కువ. నోటిలోనో, వందల జాతులు గలవు. పండ్లపాచియందే యొక పట్టణము వెలసియుండును. దీనికితోడు పండ్ల రాపిడి, కారము, వేడి. నోటి సహజచర్మము పలుపొరలతో దళసరిగ నుండి వీని నోర్చుకొనును. ఒక్క పొర ప్రేవు అంతగా నోర్వలేదు. కావున అల్పమైన వాపు, గాయము గలుగుచుండును. అపుడు రక్తమునుండి తత్కాలపోరాటమునకు వచ్చు తెల్లకణములు చేరును. ఇవి నివాసులు కావు, పిలుపునకు వచ్చిన బంటులు.

నాలుగవది కిరణచికిత్స. శస్త్రవైద్యము జరిగినపిదప ననేకులకు ఆరువారములు కిరణము లిత్తురు. దేహములోని కణములన్నిటిలో కిరణములకు మిక్కిలి శీఘ్రముగ లొంగునవి ఈ తెల్లకణములలోని లసికాకణములే. రాచపుండు విత్తనములను జంపుటకు వేసిన నిప్పు, కావలిపాకనుగూడ కొంత కాల్చును.

ఈ నాలుగు కారణములచేతను నోటిలో నాటిన ప్రేవునందలి రక్షకకణముల సంఖ్యయు, వానిలో నేజాతి యెంతయను పాళ్లును కడుపులో నున్నప్పటివలె నుండవు. అయినను ప్రేవు నోటిచర్మము కాదు. మాసముల పిదప చిన్నముక్కను దీసి సూక్ష్మదర్శినిలో చూచినచో అది ప్రేవుజాతియే యనియు, శ్లేష్మము చేయు కణములు ఇంకను గలవనియు దెలియును. ఫిల్మునగరపు భాషలో జెప్పవలెనన్న, నటుడు క్రొత్తవేషము ధరించెను, రంగస్థలము మారెను, తోడి పాత్రలు మారిరి. కాని లోని మనిషి యతడే. ఈ ప్రసంగమునంతను ఒక్కమాటలో జెప్పుమన్న నిట్లు చెప్పుదును: వైద్యుడు గోడను తేగలడు, కాని కావలిని యథాతథముగ తేలేడు. కావలి క్రొత్తచోట క్రొత్తగ కూడవలసినదే.

దీనివలన రోగికిని, ఇంటివారికిని కొన్ని జాగ్రత్తలు ఏర్పడుచున్నవి. అతికిన భాగము ఎఱ్ఱగ, తడిగ నుండుట దాని స్వభావము. దానిని చూచి వ్యాధి తిరుగబెట్టెనని భయపడనక్కరలేదు. కాని క్రొత్తగ గట్టిపడినను, పుండుపడి మానకున్నను, మెడలో బిళ్ల కట్టినను ఆలసింపక వైద్యునికి చూపవలెను. తొలిమాసములలో శ్లేష్మ మధికముగ వచ్చి దుర్గంధముండవచ్చును, క్రమముగ తగ్గును. నోటిని, పండ్లను దినమునకు పలుమారులు శుభ్రపరచుకొనవలెను, ఏలనన కావలి కుదురుకొననిచోట శత్రువును తగ్గించుటయే యుపాయము. నాడులు తెగినందున అచ్చట వేడి తెలియదు. సలసల కాగు కాఫీగాని, పొగలు గ్రక్కు పులుసుగాని పోసికొనరాదు. చేపముల్లు, మాంసపుటెముక తగిలినచో పలుచని పొర చినుగును. అన్నిటికిని మించి పొగాకు మరల ముట్టరాదు. నోటిలోని మిగిలినచర్మ మేండ్లతరబడి అదే పొగకు గురియైనది. అచ్చట రెండవ రాచపుండు పుట్టగల ప్రమాదము మిగిలియే యున్నది.

ఇంకొక సంగతి చెప్పుట ధర్మము. నేడు నోటిగండ్లకు ప్రేవునే వాడుదురని మీరు తలపరాదు. 1979నుండి రొమ్ముకండరమును కాడతో మీదికి ద్రిప్పు పద్ధతియు, పిమ్మట ముంజేతిచర్మమును, తొడచర్మమును నాళములతో తెచ్చు పద్ధతులును ప్రచారములోనికి వచ్చినవి. వీనికి కడుపు కోయనక్కరలేదు; చర్మము నమలుటకును ఓర్చును. ప్రేవు ముఖ్యముగ గొంతునకు దిగువ అన్నమార్గమును గట్టుటకు ఉపయోగపడుచున్నది. ఏది యెవరికి తగునో నిర్ణయించువాడు శస్త్రవైద్యుడే. కాని ఏ చర్మమును తెచ్చినను పైన చెప్పిన ధర్మము తప్పదు: అతుకు అతుకే, పుట్టువు పుట్టువే.

ఈ సందర్భమున మన తెలుగువాని నొకని దలచుకొనుట యుచితము. 1895లో భీమవరమున జన్మించి 1948లో అమెరికాలో దివంగతుడైన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో తయారైన మందులనుండియే మెథోట్రెక్సేటు వచ్చినది. వేగముగ పెరుగు కణముల నణచుట దాని గుణము. నోటి రాచపుండు చికిత్సలోను, దారితప్పిన తెల్లకణములు కీళ్లమీద దాడిచేయు కీళ్లవాతములోను నేటికిని దానిని వాడుచున్నారు. రాచపుండును, తెల్లకణమును ఒకే మందు తాకుట చూడగా, ఈ రెండు కథలు ఎంత పెనవేసికొనియున్నవో బోధపడును.

ఇక గ్రామపెద్దలుగా మనము చేయదగినదేమి? గోడ కూలకముందే, కావలి చెదరకముందే మేల్కొనుట. నోటిలో పుండు మూడువారములలో మానకున్నచో అది సామాన్యము కాదని యెంచవలెను. తెల్లమచ్చ, ఎఱ్ఱమచ్చ, కారణములేక పండు కదలుట, మ్రింగుటకు బాధ, మెడలో నొప్పిలేని బిళ్ల, ఇవన్నియు సూచనలే. మూడు వ్రేళ్లను నిలువుగ పేర్చి పండ్లనడుమ బెట్టిచూడుడు. అవి దూరనంతగా నోరు బిగిసినచో, అందును వక్క, గుట్కా యలవాటున్నవారైనచో, వెంటనే పరీక్ష చేయించవలెను. అడ్డపొగ త్రాగు నవ్వలు, అత్తలు ఇంట నున్నచో వారి అంగిలిని టార్చిదీపముతో నెలకొకసారి చూడుడు. వారి కది కనబడదు. నొప్పియు మొదట నుండదు.

కత్తి తగిలిన రాచపుండు పాకునని మన పల్లెలలో నొక నమ్మకము గలదు. అది నిజము కాదు. ముక్కతీసి పరీక్షించుటవలన రోగము పాకదు. పసరులు పూయుచు, సున్నము వత్తుచు, నెలలు గడపుటవలననే పాకును. చిన్నపుండైనప్పుడు చిన్నకోతతో పోవును. అపుడు ప్రేవును తేనక్కరలేదు, తొడను కోయనక్కరలేదు, అచ్చటి కావలి యచ్చటనే నిలుచును. ఆలసించినకొలది గండి పెరుగును, అతుకు పెరుగును, ఖర్చు పెరుగును, ఆశ తరుగును.

దూరభారమని నిరాశపడనక్కరలేదు. హైదరాబాదు రెడ్‌హిల్సులో మెహ్దీ నవాజ్ జంగు పేర 1955లో నెలకొన్న ప్రభుత్వ క్యాన్సరు వైద్యాలయము గలదు. విశాఖ సమీపమున అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి గలదు. 2007లో ఆరోగ్యశ్రీ యారంభమైనది మొదలు పేదలకు ఇట్టి చికిత్సల ఖర్చును ప్రభుత్వము భరించు నేర్పాటు మన ప్రాంతమున నున్నది. కార్డు తీసికొని పోయి ఆసుపత్రిలోని సహాయకుని నడుగవలెను.

రోగమును దాచుట మన కొక దురాచారము. పిల్లల పెండ్లిండ్లకు అడ్డమని, నలుగురు నవ్వుదురని దాచుదురు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావుగారు తమ యుదరమున రాచపుండు వచ్చినదని పత్రికలవారిని బిలిచి తామే ధైర్యముగ ప్రకటించిరి. 2014 జనవరి 22న వారు గతించిరి. తొమ్మిదిపదుల వయసున, లోకమంతయు నెరిగిన నటుడు దాచనిదానిని మనమేల దాచవలెను? 2012 అక్టోబరు 2 మొదలు సినిమాలలో పొగత్రాగు దృశ్యము వచ్చినప్పుడు తెరయడుగున హెచ్చరిక వ్రాయవలెనను నియమము వచ్చినది. తెరమీది యా యక్షరములను చదువుకొన్న పిల్లలు చదువుదురు. చదువురాని యవ్వకు చదివి వినిపించువారు మీరే కావలెను.

మన నోటిలోని చర్మము పలుచనిదే. దానివెనుక నున్న కావలి మనకు కానరాదు. జీతమడుగదు, సెలవు కోరదు. దానిని బొగ్గుచేయకుండుట యొక్కటియే మనము దానికి చేయగల యుపకారము. వచ్చెడి ఆదివారమున మీ గ్రామమున అడ్డపొగ త్రాగు వృద్ధురాలి నొక్కరినైనను కూర్చుండబెట్టి, నోరు తెరువుమని యడిగి, దీపము పట్టి చూడుడు.